నిద్రానింద శాస్త్రసమ్మతమా?

ధనుర్మాసం ప్రవేశించినది మొదలు మన ఊళ్ళలో ఒక ఉపదేశం పునరుక్తమవుతూ ఉంటుంది. నిద్ర తమోగుణజన్యం, తమస్సు అధోగతికి ద్వారం, కావున సాధకుడు నిద్రను ఎంత తగ్గించుకొంటే అంత ఉత్తముడు. దీనికి రెండు దృష్టాంతాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నిద్రను జయించిన అర్జునుడు గుడాకేశుడై భగవంతునికి సఖుడైనాడు. నిద్రకు వశుడైన కుంభకర్ణుడు రాక్షసుడై నశించినాడు. శ్రోతలు తలలూపుతారు. వారిలో కొందరి తలలు ఆమోదంతో గాక కునికిపాటుతో ఊగుతున్నాయన్నది వేదికపై ఉన్న వక్తకు తెలియదు.

ఈ ఉపదేశం శాస్త్రవిరుద్ధమని, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో దీనిని ప్రచారం చేయడం అవివేకమే గాక అధర్మం కూడానని నా ప్రతిపాదన.

ముందు అధికారి విచారణ చేద్దాం. ఎవరికి చెబుతున్నామో చూడక చెప్పేది మన సంప్రదాయంలో ఉపదేశమే కాదు. ఈ మూడు ఊళ్ళలో శ్రోతలెవరు? ధర్మవరంలో పట్టుమగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చునే నేతకారుడు. అతనికి కూలి గంటకు కాదు, చీరకు. పెళ్ళి ముహూర్తాలు, శ్రావణమాసపు వరలక్ష్మీవ్రతం దగ్గరపడి గిరాకీ పెరిగితే అతనికి పగలు చాలదు. దీపం వెలుగులో నేత సాగుతుంది, ఇంటి స్త్రీలు కండెలు చుడుతూ అతనితోపాటే మేలుకొంటారు. ఏ శుభముహూర్తానికి ఏ పట్టుచీర కట్టినా దానిలో ఎవరిదో కొంత నిద్ర నేయబడి ఉంటుందని కట్టుకొన్నవారికి తోచదు. మరమగ్గాలున్న వీధిలోనైతే నేసేవానికే కాదు, పక్కింటి పసిబిడ్డకూ రాత్రి లేదు.

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ఆరంభించినది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యం దానిది. దానిని ఆశ్రయించుకొని విడిభాగాల పరిశ్రమలు అనేకం వెలిసినాయి. 1565 తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర సామ్రాజ్యానికి రాజధానియైన ఘనగిరి పాదాల చెంత నేడు రాత్రి షిఫ్టు ఒక జీవనవిధానం. హిందూపురం చుట్టుపట్ల తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలలోనూ అంతే. ఇవిగాక తెల్లవారకముందే బెంగళూరుకు రైలో బస్సో ఎక్కి, పొద్దుపోయాక ఇల్లు చేరేవారు వేరు. వీరిలో ఎవరూ నిద్రాలోలురు కారు. నిద్రకై తపించేవారు. వీరి యెదుట నిలిచి "నిద్ర తగ్గించుకొనుడు" అనడం, కరువుసీమలో ఉపవాసమాహాత్మ్యం బోధించడం వంటిది. కరువంటే ఏమిటో ఈ సీమకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక పూర్వపక్షం. గీత పదునాల్గవ అధ్యాయమందు ప్రమాదం, ఆలస్యం, నిద్ర అనువాటితో తమస్సు జీవుని బంధిస్తుందని చెప్పబడినది కదా. పదునెనిమిదవ అధ్యాయంలో నిద్రనుండి పుట్టే సుఖం తామసమని కూడా ఉన్నది కదా అని అడుగుతారు. నిజమే. ఆ రెండు స్థలాలలోనూ నిద్ర ఒంటరిగా లేదు. ప్రమాదం అనగా చేయవలసినది విస్మరించడం; ఆలస్యం అనగా సోమరితనం. ఆ రెంటి నడుమ చెప్పబడిన నిద్ర కర్తవ్యం ఎగవేయడానికి ముసుగుతన్ని పడుకొనే నిద్ర. పదిగంటలు నిలుచుండి పనిచేసి వచ్చినవాని నిద్రకు ఆ పేరు పెట్టడం వాక్యార్థవిచారణ తెలియనివారి పని. అదే గీత ఆరవ అధ్యాయంలో ధ్యానయోగం బోధిస్తూ భగవానుడు, అతిగా నిద్రించేవానికి యోగం సిద్ధించదని చెప్పిన చోటనే అతిగా మేలుకొని ఉండేవానికీ సిద్ధించదని స్పష్టంగా పలికినాడు. తరువాతి శ్లోకంలోనే, నిద్రయందును మెలకువయందును మితం పాటించేవానికి యోగం దుఃఖనాశకమవుతుందని చెప్పినాడు. ఒక శ్లోకార్ధం చదివి రెండవ అర్ధం మింగివేసే అలవాటు మన ప్రవచనకర్తలలో కొందరికి ఎట్లు అబ్బినదో గాని, అతినిద్రానిషేధం మాత్రమే మైకులో వినిపిస్తుంది.

జ్ఞాని మేలుకొని ఉండే రాత్రిని గూర్చిన గీతావాక్యాన్ని, కఠోపనిషత్తు చేసిన మేల్కొల్పును కూడా ఇందుకు వాడుకొంటారు. ఆ స్థలాలలో నిద్ర అజ్ఞానానికి ఉపమానం. ఉపమానాన్ని విధివాక్యంగా గ్రహిస్తే, సంసారం సాగరమన్నారు గనుక అందరూ ఈత నేర్చుకోవలెనని విధించవలసి వస్తుంది.

గుడాకేశుని మాట ఇంకొంత నిదానంగా చూడవలెను. గుడాకా అనగా నిద్ర, దానికి ఈశుడు గుడాకేశుడు. ఈశత్వమంటే వధ కాదు. ప్రభువు తన ప్రజను చంపడు. పాలిస్తాడు, వేళకు పిలుస్తాడు, వేళకు పంపుతాడు. ఈ వ్యాఖ్య నా కల్పన కాదని భారతంలోని ఒక ఘట్టమే చెబుతుంది. కురుక్షేత్రంలో పదునాల్గవ దినం సైంధవవధతో ముగియలేదు. యుద్ధం రాత్రి కూడా సాగినది. కర్ణుని శక్తికి ఘటోత్కచుడు కూలిన పిమ్మట ఉభయసేనలలోని యోధులు నిద్రాంధులై, చేతి ఆయుధాలు జారిపోతున్నా తెలియక, ఎవరిని కొడుతున్నారో ఎరుగక తడబడినారు. అప్పుడు అర్జునుడు అందరికీ వినబడేట్లు ఎలుగెత్తి, ఇక్కడనే ఈ రణభూమిలోనే నిద్రించండి, చంద్రోదయం తరువాత మరల పోరాడుదము అని ప్రకటించినాడు. కౌరవసేన కూడా అంగీకరించినది. గజాలపైన, గుర్రాలపైన, రథాలలో, వట్టి నేలమీద ఎక్కడివారక్కడ నిద్రించినారు. నిద్రకు ముందు శత్రుసైనికులు సైతం అర్జునుని దీవించినారు. ఆ సుప్తసేన నేర్పరులైన చిత్రకారులు గీసిన చిత్రపటంలా నిశ్చలంగా ఉన్నదని మహర్షి వర్ణించినాడు. లేపాక్షి మంటపం కప్పుమీది వర్ణచిత్రాలు చూసినవారికి ఆ ఉపమానం వివరించనక్కరలేదు.

ద్రోణపర్వంలోని ఈ ఘట్టాన్ని ఒక్క ధనుర్మాస ప్రసంగంలోనైనా ఎవరు వినిపించినారు? నిద్రను జయించినవాడని కీర్తింపబడే పురుషుడు తన విజయాన్ని దేనికి వినియోగించినాడు? తనవారికీ పరులకూ కూడా నిద్ర ఇప్పించడానికి. తాను మేలుకొనగలడు గనుక ఇతరులు కూడా మేలుకొనవలెనని ఆయన అనలేదు. దీనికి ప్రతియోగి అశ్వత్థామ. నిద్రించేవారిపై పడి చంపిన ఆ రాత్రికి భారతకర్త ఒక పర్వాన్నే కేటాయించి సౌప్తికమని పేరిడినాడు. ఇతరుల నిద్రను కాపాడినవాడొకడు, నిద్రను ఆసరా చేసుకొని హింసించినవాడొకడు. ధర్మం ఎవరి పక్షాన ఉన్నదో ఇతిహాసం సందేహానికి తావివ్వలేదు.

ఇంతవరకు కర్మభూమి మాట. బ్రహ్మవిద్యలో నిద్రకున్న స్థానం ఇంతకంటె గొప్పది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు సద్విద్యను ఉపదేశిస్తూ నిద్రతోనే ఒక దశను ఆరంభిస్తాడు. నిద్రించేవాడు సత్తుతో కూడుకొంటాడు, తన స్వరూపమందు లీనమవుతాడు, నిద్రిస్తున్నాడనే క్రియాపదం అందుకే వచ్చినదని నిర్వచనం చెప్పి, వెనువెంటనే ఒక దృష్టాంతమిస్తాడు: దారంతో కట్టబడిన పక్షి దిక్కుదిక్కులకూ ఎగిరి, ఎక్కడా విశ్రాంతి దొరకక, చివరకు కట్టబడిన చోటనే వాలినట్లు మనస్సు ప్రాణమందు వాలుతుందని. ధర్మవరంలో దారంతో కట్టబడిన జీవుల సంగతి తెలిసినవారికి ఈ దృష్టాంతం కొంచెం గట్టిగానే తగులుతుంది. బృహదారణ్యకం సుషుప్తిలో తండ్రి తండ్రి కాడని, తల్లి తల్లి కాదని, చండాలుడు చండాలుడు కాడని ప్రకటిస్తుంది. పగటి వ్యవహారం పెట్టిన తారతమ్యాలన్నీ రాలిపోయే స్థలం అది. యజమాని, కూలి అనే భేదం కూడా అక్కడ లేదని వేరే చెప్పవలెనా?

వేదాంతులకు మరొక మాట. సుఖంగా నిద్రించినాను, ఏమీ ఎరుగను అని మేల్కొన్నవాడు చేసే స్మరణ ఆధారంగానే కదా, సుషుప్తిలో సైతం లోపించని సాక్షిని మనం నిరూపిస్తున్నాము! అవస్థాత్రయవిచారణకు మూడవ కాలు సుషుప్తి. మాండూక్యం ఆత్మకు నాలుగు పాదాలు చెబితే, అందులో ప్రాజ్ఞుని పాదాన్ని ఆనందమయమని, చేతోముఖమని కొనియాడినది. దానిని తుచ్ఛమని నిందించే వేదాంతి తాను కూర్చున్న కొమ్మను నరుక్కొంటున్నాడు. అరకొర నిద్రతో, కలతతో, ఆందోళనతో లేచే మనిషికి ఆ సుఖస్మరణే కరవైనప్పుడు, అతనికి ఏ అనుభవాన్ని చూపి సాక్షిచైతన్యం బోధిస్తారు?

సుషుప్తిలో నాకు భోగ్యమేదీ కనబడలేదని ఇంద్రుడు ప్రజాపతి వద్దకు తిరిగి వచ్చిన కథ ఎవరైనా ఎదురు చెప్పవచ్చును. ఇంద్రుడు సుషుప్తి పరమపురుషార్థం కాదన్నాడు, అంతే. శరీరం ఉన్నంతవరకు దానిని పరిత్యజించవలెనని ప్రజాపతీ అనలేదు, ఇంద్రుడూ అనలేదు. అన్నం కూడా పరబ్రహ్మ స్వరూపంగా ఉపక్రమించి తరువాత దాటబడే కోశమే. ఆ కారణంగా అన్నం మానినవారెవరు?

ఆయుర్వేదం ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడినది. చరకసంహిత సూత్రస్థానం పదునొకండవ అధ్యాయంలో దేహమనే ఇంటికి మూడు ఉపస్తంభాలు చెప్పబడినాయి: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. ఇరువదియొకటవ అధ్యాయంలో సుఖదుఃఖాలు, పుష్టికార్శ్యాలు, బలాబలాలు, జ్ఞానాజ్ఞానాలు, కడకు జీవితమరణాలు కూడా నిద్రాధీనాలని ఉన్నది. జ్ఞానం సైతం నిద్రాధీనమన్న మాటను సాధకులు గుర్తించవలెను.

ఇక తెలుగు స్త్రీలు పాడుకొన్న ఊర్మిళాదేవి నిద్ర అనే పాటను తలచుకొందాము. వాల్మీకంలో లేని ఈ కథ మన ఇళ్ళలో తరతరాలుగా నిలిచినది. లక్ష్మణుడు పదునాలుగేళ్ళు వనంలో కన్ను మూయకపోతే, ఆ నిద్ర ఎక్కడికీ పోలేదు. అయోధ్యలో ఊర్మిళ మీద పడినది. ఆమె తన యౌవనంలో పదునాలుగేళ్ళు నిద్రలో పోగొట్టుకొన్నది. ఒకరి జాగరణకు మరొకరు మూల్యం చెల్లించవలెనని ఏ పండితుడూ చెప్పకముందే అత్తాకోడళ్ళు పాడుకొన్నారు. నేటి ఊర్మిళల స్థితి తిరగబడినది, అంతే భేదం. రాత్రి షిఫ్టు నుండి భర్త వచ్చేసరికి మేలుకొని సంగటి వేడిచేసి, పిల్లలను బడికి సిద్ధంచేయడానికి తెల్లవారకముందే లేచి, నడుమ దొరికిన నాలుగు గంటలను నిద్ర అనుకొనే గృహిణికి బ్రాహ్మీముహూర్తం గురించి చెప్పేవారు, ఆమె ఎన్నింటికి పడుకొన్నదో ఒక్కమారైనా అడిగినారా? సూర్యోదయానికి 96 నిమిషాల ముందు ఆరంభమయ్యే ఆ ముహూర్తం రాత్రి తొందరగా శయనించే గ్రామజీవనానికి తగినది. శయనకాలాన్ని మార్చక ఉత్థానకాలాన్ని మాత్రమే విధించడం సగం విధి. వాగ్భటుడు సైతం బ్రాహ్మీముహూర్తంలో లేవడాన్ని స్వస్థునికి, ఆయుర్రక్షణ కొరకు విధించినాడు. ఆయువును కుదించడానికి కాదు.

ఆధునిక విజ్ఞానం చెప్పినది క్లుప్తంగా: దేహకణాలలో ఇంచుమించు 24 గంటల లయతో నడిచే గడియారం ఎట్లు పనిచేస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ పురస్కారం లభించినది. వెలుతురు ఆ గడియారాన్ని సరిచేస్తుంది. అందుకే రాత్రంతా పనిచేసి ఉదయపు ఎండలో ఇంటికి వచ్చినవానికి పగటినిద్ర తేలికగా పట్టదు, పట్టినా త్వరగా తెగుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనసంస్థ 2007లోను, మరల 2019లోను రాత్రి షిఫ్టు పనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వర్గంలో చేర్చినది. వయోజనులకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్యుల సంఘాలు 2015లో నిర్ధారించినాయి.

ఇవన్నీ తెలిసిన కాలంలోనే మన ప్రభువులు ఏం చేసినారు? 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం దినసరి పనిగంటల పరిమితిని 9 నుండి 10కి పెంచే ప్రతిపాదనకు ఆమోదముద్ర వేసినది. అంతకు ముందే, 2023లో, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయవలెనని హితవు పలికినారు. ఎర్రమంచికో తూముకుంటకో రాకపోకల కాలం, వంట, స్నానం, పిల్లలు కలుపుకొంటే 10 గంటల పనిదినంలో నిద్రకు మిగిలేదెంతో లెక్కించడానికి జ్యోతిషం అక్కరలేదు. నిద్ర రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవనహక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 2012లో రామ్‌లీలా మైదానం కేసులో చెప్పినది. అంతకు ఎంతో పూర్వం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రచించినవారికి సైతం ఒక సూక్ష్మం తెలుసు: అర్ధరాత్రి దాటే షిఫ్టులో పనిచేసినవానికి సెలవుదినాన్ని అతని షిఫ్టు ముగిసిన క్షణంనుండి 24 గంటలుగా లెక్కించవలెనని 57వ సెక్షన్‌లో రాసినారు. క్యాలెండరు తేదీ మారితే సెలవు ఇచ్చినట్లు కాదని వారి భావం. ఈ సూక్ష్మం గ్రహించినవారిని నేను చిన్న ధర్మశాస్త్రకారులుగా గౌరవిస్తాను.

ఈ స్థితిలో నిద్ర తగ్గించుకోవడం తపస్సని బోధించే ప్రవచనం ఎవరికి ఉపకరిస్తున్నది? వక్తకు ఆ ఉద్దేశం లేకపోవచ్చును. ఫలం మాత్రం అదే. కూలివాని అలసట అతని తమోగుణమవుతుంది. దాని కారణం ఎవరూ అడగరు.

అయితే రాత్రి పని తప్పనివాడు ఏం చేయవలెను? శాస్త్రం అతనిని విడిచిపెట్టలేదు. అలవాటులేని జాగరణ చేయవలసివస్తే, మేలుకొన్న కాలంలో సగం మరునాటి ఉదయం, భోజనానికి ముందే నిద్రించవలెనని అష్టాంగహృదయం విధించినది. ఇంత నిర్దిష్టమైన విధి ఉండగా, ఉదయం పడుకొన్న షిఫ్టు కార్మికుని చూసి "పొద్దెక్కినా లేవడు" అని పెదవి విరిచే బంధువులు శాస్త్రం ఎరుగనివారే. దివాస్వప్నం నిషిద్ధం కదా అంటారేమో. చరకుడు ఆ నిషేధానికి పెట్టిన మినహాయింపులలో రాత్రి మేలుకొన్నవాడు, బరువులు మోసి, దారి నడిచి, పనిచేసి అలసినవాడు, వృద్ధుడు, బాలుడు ఉన్నారు. రాత్రులు పొట్టివైన గ్రీష్మంలోనైతే అందరికీ పగటినిద్ర అనుమతమే. మన ప్రాంతపు వేసవిలో, అర్ధరాత్రికి గాని చల్లబడని మిద్దెమీద పొర్లాడేవారికి ఇది వరమే.

ఆచరణలో: షిఫ్టు ముగించి వచ్చేటప్పుడు కళ్ళకు నల్లద్దాలు, పడుకొనే గదికి ముదురురంగు పరదా, కొద్దిపాటి తేలిక ఆహారం, షిఫ్టు చివరి భాగంలో టీ కాఫీలు మానడం, వీలైతే రాత్రి పనికి పోయేముందు ఒక కునుకు. పాదాలకు, తలకు నూనె రాయడం, గోరువెచ్చని గేదెపాలు చరకుడు చెప్పినవే. ఫోను పడకగదికి వెలుపల ఉండవలెను. ఈ ఒక్క నియమం చాతుర్మాస్యవ్రతంకంటె కష్టమని విన్నాను. ఎన్ని చేసినా నెలల తరబడి నిద్ర పట్టకపోతే, లేదా గురక నడుమ ఊపిరి ఆగి ఉలికిపడుతుంటే అది వైద్యుడు చూడవలసిన రోగం. దుకాణంలో అడిగి తెచ్చుకొన్న నిద్రమాత్ర దానికి చికిత్స కాదు. యాజమాన్యాలు చేయవలసినది కూడా కలదు: షిఫ్టులు మార్చక తప్పనప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ముందుకు జరపడం దేహానికి సులభం, వెనుకకు తిప్పడం కష్టం. నిద్రించేవానిని హఠాత్తుగా లేపరాదని, అట్లు లేపితే కలిగే దోషానికి చికిత్స దుస్సాధ్యమని పెద్దలు చెబుతారని బృహదారణ్యకమే ప్రస్తావించినది. పడుకొన్న రెండు గంటలకే గ్యాస్ సిలిండరు వచ్చినదని, చుట్టం వచ్చినాడని తట్టి లేపే ఇంటివారు ఆ మాట తలపుకు తెచ్చుకోవచ్చును.

చివరగా దేవాలయాల ధర్మకర్తలతో ఒక విన్నపం. మన ఆగమపద్ధతిలో స్వామికి సైతం నిద్ర కలదు. రాత్రి ఏకాంతసేవ, పవళింపు, తలుపులు మూయడం, జోల, తెల్లవారి సుప్రభాతం. భగవంతుని విశ్రాంతిని ఇంత శ్రద్ధతో పాటించే ఆలయంనుండే వేకువన నాలుగు గంటలకు లౌడ్‌స్పీకరు వీధులన్నిటినీ కుదిపివేస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం; పండుగలకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపు కూడా ఏడాదిలో 15 రోజులకు మించక, అర్ధరాత్రి వరకే, వేకువకు కాదు. ఇతర మతాలవారు పాటిస్తున్నారా అని ఎదురుప్రశ్న వేయడం తెలుసు. నియమం అందరిదీ; మన ఆలయం మన చేతిలో ఉన్నది, మనం ఆరంభించవచ్చును. రాబోయే ధనుర్మాసంలో తిరుప్పావై పారాయణం వేకువనే, గర్భాలయం ముందు, గొంతుతోనే జరిగితే వ్రతానికి లోపమేమీ రాదు. స్వామికి వినబడడానికి మైకు కావలెనని ఏ ఆగమంలోనూ లేదు.